పాత కారు ముందు చక్రాల బేరింగ్‌లు, ఆయిల్ సీళ్లు: సరైన జతను వెతికి పట్టుకోవడం ఎలా?

‘1962 నాటి విల్లీస్ జీపు ముందు చక్రం బేరింగ్ ఉందా?’ అని దుకాణంలో అడిగితే లేదనే సమాధానమే ఎక్కువగా వస్తుంది. అదే దుకాణంలో ఆ బేరింగ్ మీద చెక్కి ఉండే నంబర్లతో ‘18590, 18520 ఉన్నాయా?’ అని అడిగి చూడండి. చాలాసార్లు అరలోంచి డబ్బా తీసి ముందు పెడతారు. వస్తువు ఒకటే, అడిగిన తీరు వేరు.

పాత కార్ల విడిభాగాల్లో కార్బురేటర్, డోర్ హ్యాండిల్, ల్యాంపు అద్దం వంటివి ఆ కారు కోసమే తయారైనవి. అవి దొరక్కపోతే దొరకనట్టే. బేరింగ్ సంగతి అలా కాదు. హెన్రీ టిమ్‌కెన్ 1898లో టేపర్ రోలర్ బేరింగ్‌కు, అంటే ఒక చివరకు సన్నబడే రోలర్లున్న బేరింగ్‌కు, పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి చాలా కార్ల కంపెనీలు బేరింగ్‌లను బేరింగ్ కంపెనీల దగ్గరే కొన్నాయి. ఆ కంపెనీలు అవే కొలతలను ట్రాక్టర్లకూ ట్రైలర్లకూ మిల్లు యంత్రాలకూ అమ్మాయి. కారు తయారీ ఆగిపోయి అరవై ఏళ్లు దాటినా దాని బేరింగ్ ఇప్పటికీ తయారవుతూ ఉండటానికి కారణం ఇదే. కాబట్టి వెతకాల్సింది కారు పేరుతో కాదు, నంబరుతో, నంబరు లేకపోతే కొలతతో.

హబ్ విప్పేటప్పుడు

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి చేతులు పెట్టవద్దు. స్టాండు వేసి, వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టాకే పని మొదలుపెట్టండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ము తీశాక ఆ పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

విప్పేముందు మర తిరిగే దిశ చూసుకోవాలి. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో ఎడమవైపు ముందు స్పిండిల్‌కు (చక్రం తిరిగే ఇరుసు) ఎడమ మర ఉంటుంది, అంటే నట్టు మామూలుకు వ్యతిరేక దిశలో తిప్పితేనే ఊడుతుంది. పాత విల్లీస్ జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లు కూడా ఎడమ మరవే. ఇది తెలియక బలం కొద్దీ తిప్పితే మర చెడుతుంది. ఆ తర్వాత స్పిండిల్ వెతకడమనే మరో పెద్ద పని మీద పడుతుంది.

మామూలు కారులో గ్రీజు మూత, స్ప్లిట్ పిన్, నట్టు, నాలుక ఉన్న వాషర్, చిన్నదైన బయటి బేరింగ్, హబ్ (చక్రం బిగించే నడిమి భాగం), పెద్దదైన లోపలి బేరింగ్, చివరగా గ్రీజు బయటికి కారకుండా ఆపే సీల్ ఈ వరసలో వస్తాయి. జీపులో ముందు చక్రాలకూ ఇంజిను బలం అందుతుంది కాబట్టి ఆ బలాన్ని హబ్‌కు అందించే డ్రైవ్ ఫ్లాంజ్ తీశాక రెండు పెద్ద నట్లు, వాటి మధ్య వంచిపెట్టిన లాక్ వాషర్ కనిపిస్తాయి. ఆ నట్లకు 2 1/16 అంగుళాల బాక్స్ స్పానర్ కావాలి. ఉలి, సుత్తి పెట్టి కొట్టిన గుర్తులున్న నట్లు చాలా జీపుల మీద చూస్తాం. దయచేసి మీరు అలా చేయకండి. ఆ స్పానర్ ఖరీదు పెద్దదేమీ కాదు.

ఎడమ చక్రం సామాను ఒక డబ్బాలో, కుడి చక్రం సామాను ఇంకో డబ్బాలో ఉంచండి. వాషర్లు, షిమ్‌లు (సందు సరిచేసే పలుచటి రింగులు), స్పేసర్లు (మధ్య దూరం నిలిపే ముక్కలు) ఏ వరసలో వచ్చాయో ఫొటో తీసుకోండి. ఎంజీబీ వంటి బ్రిటిష్ కార్లలో రెండు బేరింగుల మధ్య స్పేసరు, దాని పక్కన పలుచటి షిమ్‌లు ఉంటాయి. ‘ఇదేదో మిగిలిపోయింది’ అని వాటిని పక్కన పెట్టేసిన కార్లు రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాయి.

నంబరు చదవడం

టేపర్ బేరింగ్‌లో రెండు ముక్కలుంటాయి. రోలర్లు, వాటిని పట్టి ఉంచే జల్లెడతో కలిసి ఉన్న లోపలి ముక్క కోన్. హబ్‌లో బిగుతుగా కూర్చున్న బయటి రింగు కప్. రెండింటికీ వేర్వేరు నంబర్లు ఉంటాయి, రెండూ రాసుకోవాలి. కోన్ నంబరు పెద్ద వైపు అంచు ముఖం మీదా, కప్ నంబరు దాని వెడల్పాటి అంచు మీదా ఉంటాయి. కిరోసిన్‌లో నానబెట్టి గట్టి కుంచెతో కడిగి, ఆరాక సుద్దముక్క రుద్ది, టార్చిని పక్కనుంచి వాలుగా పట్టండి. పైనుంచి వెలుతురు వేస్తే కనపడని అక్షరాలు పక్క వెలుతురులో నీడతో తేలుతాయి. ఇసుక కాగితం మాత్రం వాడవద్దు, ఉన్న నంబరు కూడా పోతుంది.

నంబరులో ఒక పద్ధతి ఉంది. అంగుళాల కొలతల కొత్త వరసల్లో ముందు ఎల్, ఎల్‌ఎం, ఎం, హెచ్‌ఎం వంటి అక్షరాలుంటాయి. ఇవి ఆ వరస ఎంత బరువుకు తగిందో చెబుతాయి. చివరి రెండంకెలు 30 నుంచి 49 మధ్య ఉంటే అది కోన్, 10 నుంచి 29 మధ్య ఉంటే కప్. ఎల్‌ఎం 11949 కోన్, ఎల్‌ఎం 11910 దాని కప్. అంతకన్నా పాత వరసల్లో చాలాసార్లు చివరి మూడంకెలే కొలత చెబుతాయి. 07100 కోన్ రంధ్రం 1.00 అంగుళం. 15250 కప్ బయటి వ్యాసం 2.50 అంగుళాలు. తుప్పులో సగం చెరిగిన నంబరును పూరించడానికి ఈ తెలివిడి బాగా పనికొస్తుంది.

ఒక్క అంకెను కూడా తేలికగా తీసుకోకూడదు. ఎల్ 68149 అనే కోన్‌కు ఎల్ 68110 కప్ ఉంది, ఎల్ 68111 కప్ కూడా ఉంది. మొదటిది 59.131 మిల్లీమీటర్లు, రెండోది 59.974. తేడా మిల్లీమీటరు కూడా లేదు. కానీ చిన్నది పెద్ద హబ్‌లో వదులుగా తిరిగి హబ్‌ను తినేస్తుంది, పెద్దది చిన్న హబ్‌లోకి దిగదు, బలవంతంగా దింపితే హబ్ పగలొచ్చు. ఎల్‌ఎం 12749 కోన్‌కు కూడా ఇలాగే 12710, 12711 అని రెండు కప్పులున్నాయి. దుకాణదారు ‘రెండూ ఒకటేనండీ’ అంటే నమ్మవద్దు.

కారు కంపెనీ పార్ట్స్ పుస్తకంలో ఉండే నంబరు ఆ కంపెనీ పెట్టుకున్నది, బేరింగ్ కంపెనీది కాదు. దాన్ని బేరింగ్ నంబరుకు మార్చే పట్టికలు బేరింగ్ కంపెనీల దగ్గర ఉంటాయి. అయితే పుస్తకం చెప్పిందానికన్నా మీ చేతిలో ఉన్న ముక్క చెప్పేదే ముఖ్యం. ఇన్నేళ్లలో ఎవరో హబ్‌నే మార్చి ఉండవచ్చు. చేతిలోని ముక్క, పుస్తకం ఒకే మాట చెబితే నిశ్చింత. లేకపోతే కొలవాలి.

నంబరు పోతే కొలత

0.02 మిల్లీమీటరు చూపే మంచి వెర్నియర్ చాలు, మైక్రోమీటర్ ఉంటే ఇంకా మేలు. కోన్ రంధ్రం, కప్ బయటి వ్యాసం, రెండూ కలిపి పెట్టినప్పటి మొత్తం వెడల్పు, ఈ మూడూ కావాలి. ఒక్కొక్కటి మూడు చోట్ల కొలిచి చూడండి. అరిగిన బేరింగ్ కొలత కొంచెం అబద్ధమాడుతుంది కాబట్టి స్పిండిల్‌నూ, కప్ తీశాక హబ్ రంధ్రాన్నీ కూడా కొలవండి. స్పిండిల్‌లో అరగని చోటు దొరికితే అసలు కొలత అక్కడే తెలుస్తుంది.

వచ్చిన అంకెను 25.4తో భాగించండి. 19.05 అయితే ముప్పావు అంగుళం, 31.75 అయితే అంగుళం పావు, 41.275 అయితే 1 5/8 అంగుళాలు. ఇలా సరిగ్గా తెగితే అంగుళాల బేరింగ్. 17, 20, 25, 30 అని నిండు సంఖ్యలు వస్తే మెట్రిక్.

పాత కార్ల ముందు చక్రాల్లో తరచుగా ఎదురయ్యే జతలు కొన్ని, రంధ్రం, బయటి వ్యాసం, మొత్తం వెడల్పు వరసలో, మిల్లీమీటర్లలో:

ఎల్‌ఎం 11749, 11710: 17.462 × 39.878 × 13.843
ఎల్‌ఎం 11949, 11910: 19.050 × 45.237 × 15.494
ఎల్ 44649, 44610: 26.988 × 50.292 × 14.224
ఎల్‌ఎం 67048, 67010: 31.750 × 59.131 × 15.875
ఎల్‌ఎం 48548, 48510: 34.925 × 65.088 × 18.034

జీపు సంగతి అందరికన్నా తేలిక. విల్లీస్ ఎంబీ నుంచి సీజే 3బీ దాకా లోపలి బేరింగూ బయటి బేరింగూ 18590, 18520 జతే. రంధ్రం 41.275, బయటి వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. రెండు ముందు చక్రాలకు నాలుగు జతలు తెచ్చుకుంటే పని అయినట్టే.

పాత బేరింగ్ మార్చాలా, ఉంచాలా?

ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన కారు బేరింగ్‌లో అరుగుదల కన్నా తేమ చేసిన నష్టమే ఎక్కువ. కప్‌ను కడిగి వెలుతురులో తిప్పి చూడండి. రోలర్లు ఆనుకుని నిలిచిన చోట సమాన దూరంలో సన్నటి బూడిదరంగు గీతలు కనిపిస్తాయి. బాల్ పెన్ మొనను ఆ గీత మీదుగా మెల్లగా లాగండి. మొన తట్టుకుంటే అక్కడ లోహం తినేసిందని అర్థం, ఆ బేరింగ్ పని అయిపోయింది. రంగు మాత్రమే మారి మొన నున్నగా జారితే ఇంకా వాడవచ్చు. నీలం లేదా గోధుమ రంగు కమిలిన జాడలుంటే వేడెక్కిందన్నమాట, ఆలోచించకుండా మార్చండి. స్పిండిల్ మీద కూడా ఆ నీలం ఉంటే రంగు ద్రావణంతో చేసే పగుళ్ల పరీక్ష చేయించాలి. స్పిండిల్ విరిగితే చక్రమే ఊడిపోతుంది, అందుకే ఇక్కడ పొదుపు కూడదు.

కోన్ మారిస్తే కప్ కూడా మార్చాలి. పాత కప్‌లో కొత్త కోన్ వేయడం కొత్త బేరింగ్‌ను పాడుచేయడమే.

సీల్: అసలు తలనొప్పి ఇక్కడే

బేరింగ్ దొరికిందని సంబరపడ్డాక చాలామంది చిక్కుకునేది సీల్ దగ్గర. బేరింగుల్లా సీళ్లకు ఒకే నంబరు పద్ధతి లేదు. పాత సీల్ నలిగిపోయి, విప్పేటప్పుడు వంకరపోయి ఉంటుంది. దాన్ని కొలిచి కొత్తది కొంటే తప్పడం దాదాపు ఖాయం. కొలవాల్సింది సీల్‌ను కాదు, అది కూర్చునే చోటును.

మూడు కొలతలు తీయండి. మొదటిది, స్పిండిల్ మీద సీల్ లిప్ (దాని లోపలి రబ్బరు అంచు) రుద్దుకునే సీటు వ్యాసం. రెండోది, హబ్‌లో సీల్ దిగే రంధ్రం వ్యాసం. మూడోది లోతు: కోన్ వేసి, హబ్ అంచు నుంచి కోన్ వెనుక ముఖం దాకా వెర్నియర్ తోకతో కొలవండి. సీల్ వెడల్పు ఈ లోతుకన్నా కనీసం ఒక మిల్లీమీటరు తక్కువ ఉండాలి, లేకపోతే సీల్ జల్లెడకు రాసుకుంటుంది. కొత్త సీల్ బయటి వ్యాసం బిగుతు కోసం రంధ్రం కన్నా కాస్త ఎక్కువగా తయారవుతుంది. మీరు రంధ్రం కొలతే చెప్పాలి, ఆ బిగుతు తయారీదారే చూసుకున్నాడు.

సీటు 44.45 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అది 1 3/4 అంగుళాలు. దుకాణంలో 45 మెట్రిక్ సీల్ ఇచ్చి ‘సరిపోతుంది’ అంటారు. అర మిల్లీమీటరు వదులైన లిప్ గ్రీజును ఆపదు. అది కరిగి డ్రమ్ములోకి జారి బ్రేకు లైనింగును తడుపుతుంది, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. లోపలి వ్యాసంలో రాజీ పడకండి. బయటి వ్యాసంలో రాజీకి దారి ఉంది: రంధ్రం కన్నా చిన్న సీల్ దొరికితే లేత్ మీద ఒక రింగు తీయించి, సీల్‌ను అందులో బిగించి, రింగును హబ్‌లో బిగించవచ్చు. వెడల్పు తక్కువ ఉన్నా పరవాలేదు, లిప్ సీటు మీద పడితే చాలు.

కౌంటర్‌లో టీసీ, ఎస్‌సీ, టీబీ అనే పేర్లు వినిపిస్తాయి. టీసీకి బయట రబ్బరు పూత, స్ప్రింగుతో ఒక లిప్, దుమ్మును ఆపే మరో లిప్ ఉంటాయి. ఎస్‌సీలో దుమ్ము లిప్ ఉండదు. టీబీ బయట లోహం. ముందు చక్రానికి నేను టీసీనే ఎంచుకుంటాను, మన మట్టి రోడ్లకు రెండో లిప్ అవసరం. హబ్ రంధ్రం గీతలు పడి ఉంటే రబ్బరు పూత ఆ గీతలను పూడుస్తుంది కూడా. మామూలు డ్రమ్ము బ్రేకు కారుకు నైట్రైల్ రబ్బరు చాలు. డిస్క్ బ్రేకులతో కొండ దారుల్లో తిరిగే కారైతే వేడిని ఇంకా బాగా తట్టుకునే విటాన్ అడగండి.

సీటు మీద లిప్ తవ్విన గాడి గోరుకు తగిలితే ఎంత మంచి సీల్ వేసినా కారుతుంది. దీనికి ఎస్‌కేఎఫ్ స్పీడీ స్లీవ్ వంటి పలుచటి స్టీలు తొడుగు ఉంది. దాని మందం 0.28 మిల్లీమీటరే కాబట్టి సీల్ కొలత మార్చకుండానే గాడి మీద తొడగవచ్చు. తొడుగు వేసే స్థలం లేకపోతే సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో కూర్చోబెట్టి లిప్‌ను తాజా చోట పడనివ్వవచ్చు.

ఇంకా పాత కార్లలో రబ్బరు సీలే ఉండదు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లో లోహపు పళ్లేనికి అతికిన ఊలు ఫెల్ట్ ఉంటుంది. యుద్ధానికి ముందటి కార్లలో తోలు సీళ్లూ ఉన్నాయి. ఫెల్ట్‌ను ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, పిండి వేయాలి. ఎండిన ఫెల్ట్ స్పిండిల్‌ను రుద్ది కాలుస్తుంది. తోలును కూడా గోరువెచ్చని నూనెలో నానబెట్టి మెత్తబడ్డాకే బిగించాలి. చోటు ఉంటే తోలు సీల్ బదులు అదే కొలత రబ్బరు సీల్ వేయడంలో తప్పు లేదు, బయటికి కనపడదు, పని బాగా చేస్తుంది.

ఎక్కడ వెతకాలి?

ముందు పారిశ్రామిక బేరింగ్ దుకాణాలకు వెళ్లండి, ఆటో స్పేర్ పార్టుల దుకాణానికి తర్వాత. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మిల్లులకూ పంపులకూ బేరింగులు, సీళ్లు అమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి. అక్కడ నంబరో కొలతో చెబితే చాలు, కారు పేరు అడగరు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, విశాఖ గాజువాక ఆటోనగర్‌లో లారీ, ట్రాక్టరు పనివాళ్ల దగ్గర టేపర్ బేరింగుల అనుభవం చాలా ఉంది. స్పేసరు, షిమ్, పాత హబ్, స్పిండిల్ వంటి కారుకే చెందిన ముక్కలు కావాలంటే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్ వైపు చూడాలి.

తయారీదారుల విషయానికొస్తే, జైపూర్‌లో 1946లో మొదలైన ఎన్‌బీసీ, జంషెడ్‌పూర్‌లోని టిమ్‌కెన్ ఇండియా టేపర్ బేరింగులు మన దేశంలోనే చేస్తున్నాయి. పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో కొలతలు కొట్టి నంబరు వెతికే సదుపాయం ఉంది. దుకాణానికి వెళ్లేముందు అక్కడ చూసుకుంటే సగం పని ఇంట్లోనే అవుతుంది.

అమెరికాలో ఉండి పాత ఫోర్డో షెవర్లేనో చూసుకుంటున్న తెలుగువారికి మరో తేలిక దారి ఉంది. పడవలు లాగే ట్రైలర్లకు వాడేది కూడా ఎల్ 44649, ఎల్‌ఎం 67048, ఎల్ 68149 కోన్‌లే. ట్రైలర్ సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా ఉంటాయి. పేరులేని చవక రకం బదులు పేరున్న కంపెనీదే తీసుకోండి. డబ్బా మీద సెట్ 2 అని ఉంటే 11949, 11910 జత. సెట్ 4 అంటే 44649, 44610.

నకిలీల బెడద నిజం. ధర మరీ తక్కువగా ఉంటే, అక్షరాలు అంచుల దగ్గర చెదిరినట్టుంటే, కప్ మీదా కోన్ మీదా వేర్వేరు రాతలుంటే వదిలేయండి. జీఎస్‌టీ బిల్లు ఇవ్వనన్న చోట కొనవద్దు. ఎస్‌కేఎఫ్ సరుకు అసలుదో కాదో ఫొటోలు పంపి తెలుసుకునే యాప్ ఆ కంపెనీయే ఇస్తోంది.

అరలో దశాబ్దాలుగా తెరవకుండా ఉన్న పాత సరుకు దొరికితే బేరింగ్ కొనండి, రబ్బరు సీల్ కొనకండి. బేరింగ్ తుప్పు పట్టకపోతే, ఎండిన పాత గ్రీజు కడిగేసి వాడవచ్చు. రబ్బరు మాత్రం డబ్బాలోనే గట్టిపడి ఉంటుంది. లిప్‌ను వేలితో వంచండి, వెంటనే వెనక్కి రాకపోయినా, సన్నటి పగుళ్లు కనిపించినా పనికిరాదు.

బాల్ బేరింగ్ ఉన్న కార్లు

1965 దాకా వచ్చిన బీటిల్, 1960 దాకా వచ్చిన షెవర్లే కార్లు, మోరిస్ మైనర్ వంటివి ముందు చక్రాల్లో బాల్ బేరింగులతో నడిచాయి. ఇవి ఒక వైపు నుంచే తోపును మోస్తాయి. ముఖం మీద ‘థ్రస్ట్’ అని చెక్కి ఉంటే ఆ గుర్తు ఎటు ఉందో చూసి అలాగే వేయాలి. వీటిలో కొన్ని దొరకడం కష్టం. షెవర్లే వంటి వాటికి అదే స్పిండిల్‌కు సరిపడే టేపర్ బేరింగ్ మార్పిడి సెట్లు వస్తున్నాయి. రోడ్డు మీద తిరిగే కారుకు ఆ మార్పిడి మంచిదే. సెట్‌లో సీల్ కూడా ఇచ్చారో లేదో చూసుకోండి, పాత సీల్ చాలాసార్లు దానికి కుదరదు.

కూర్చోబెట్టడం, సరిచేయడం

కొత్త కప్‌ను గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన పాత కప్‌నే రంపంతో ఒకచోట కోసి దాని మీద కొట్టి దింపండి. కోయడం వల్ల అది హబ్‌లో ఇరుక్కోదు. అడుగుకు తాకగానే చప్పుడు మారుతుంది, గట్టిగా ఖంగుమంటుంది. కప్ చేత్తోనే దిగిపోతే హబ్ అరిగిందని అర్థం. పంచితో చుక్కలు కొట్టి బిగించే పాత అలవాటు వద్దు, హబ్‌ను లేత్ మీద బుష్ చేయించండి, అంటే రంధ్రంలో కొత్త రింగు వేయించండి. కోన్ మాత్రం స్పిండిల్ మీద చేత్తో నెడితే జారాలి, ఊగకూడదు.

గ్రీజు నంబరు 2 లిథియం కాంప్లెక్స్ రకం. పాత గ్రీజును పూర్తిగా కడిగేయండి, రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు నీరుగారతాయి. అరచేతిలో గ్రీజు పెట్టుకుని కోన్ పెద్ద అంచును దానిలోకి ఒత్తుతూ పోతే రోలర్ల మధ్యనుంచి అవతలి వైపు తేలుతుంది. హబ్ లోపలి ఖాళీలో మూడో వంతు చాలు. సీల్ స్ప్రింగు వైపు బేరింగ్ వైపుకు ఉండాలి. లిప్‌కూ సీటుకూ గ్రీజు రాయండి.

టేపర్ బేరింగ్‌ను చక్రం తిప్పుతూ బిగించాలి, రోలర్లు సర్దుకోవాలి కదా. జీపులో చక్రం పట్టేసేదాకా బిగించి, నట్టును ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పి, లాక్ వాషర్ వేసి రెండో నట్టు బిగించి వాషర్ అంచు వంచాలి. ఎంజీబీలో నట్టును 40 నుంచి 70 పౌండ్ అడుగుల బిగువుతో బిగిస్తారు. హబ్ అటూ ఇటూ జరిగే ఆట 0.002 నుంచి 0.004 అంగుళాలు వచ్చేలా షిమ్‌లు మారుస్తారు. డయల్ గేజ్ పెట్టి చూడాల్సిన పని ఇది, చేతి అంచనా చాలదు. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వేయండి.

పది పదిహేను కిలోమీటర్లు నడిపి, బ్రేకులు ఎక్కువ వాడకుండా ఆపి, రెండు హబ్‌లనూ తాకి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బిగువు ఎక్కువైంది. కొత్త కప్పులు కాస్త సర్దుకుంటాయి కాబట్టి మూడు నాలుగు వందల కిలోమీటర్ల తర్వాత చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టి ఊపి చూసి, ఆట పెరిగి ఉంటే మళ్లీ సరిచేయండి.